బిడ్డ పుట్టిన తరువాత దంపతుల లైంగిక ఆరోగ్యం



ఇంటర్మీడియట్ జంతుశాస్త్రంలో మానవ ప్రత్యుత్పత్తి పాఠం మీలో చాలామంది చదివే ఉంటారు. ఫలదీకరణ, పిండాభివృద్ధి, ప్రసవం, చివరగా చనుబాల ఉత్పత్తి. అంతటితో ఆ పాఠం ముగుస్తుంది. బిడ్డ పుట్టింది, పాలు తాగుతోంది, కథ సుఖాంతం అన్నట్టుగా మనం పుస్తకం మూసేస్తాం. ఆ తల్లి శరీరం మళ్ళీ కోలుకునేది ఎప్పుడు? భార్యాభర్తలుగా ఉన్న ఇద్దరు తల్లిదండ్రులుగా మారిన తరువాత వారి సాన్నిహిత్యం ఏమవుతుంది? ఈ ప్రశ్నలకు పాఠ్యపుస్తకంలో చోటు లేదు. ఇంట్లో అడిగే అలవాటు లేదు. ఆసుపత్రిలో అడిగేందుకు సిగ్గు. ఈనాటి ప్రసంగంలో ఈ విషయాన్నే శాస్త్రీయంగా, మర్యాదగా తెలుసుకుందాం.

ఇది పెళ్ళయినవారి విషయం, మాకెందుకు అని మీకు అనిపించవచ్చు. మీ ఇంట్లో అక్క పురిటికి వచ్చి ఉండవచ్చు. వదిన బాలింతగా ఉండవచ్చు. రేపు మీలో కొందరు వైద్యులు, నర్సులు, ఉపాధ్యాయులు అవుతారు. చాలామంది భార్యలు, భర్తలు అవుతారు. అవసరం వచ్చిన రోజున సగం తెలిసిన మాటల మీద ఆధారపడటం కన్నా, ముందుగానే సరైన సమాచారం తెలిసి ఉండటం మేలు.

ముందుగా ఒక మాట. లైంగిక ఆరోగ్యం అంటే కేవలం వ్యాధి లేకపోవడం కాదని, శారీరకంగా, మానసికంగా, సామాజికంగా క్షేమంగా ఉండటమని ప్రపంచ ఆరోగ్య సంస్థ వివరించింది. అందులో పరస్పర గౌరవం ఉంది, బలవంతం లేకపోవడం ఉంది. ఈ ప్రసంగం పొడవునా ఈ అర్థాన్ని గుర్తుంచుకోండి.

సూతికా కాలంలో శరీరం

ప్రసవం తరువాత సుమారు ఆరు వారాల కాలాన్ని వైద్యులు సూతికా కాలం అంటారు. గర్భం తొమ్మిది నెలల్లో తెచ్చిన మార్పులు ఈ కాలంలో వెనక్కి మళ్ళుతాయి. కాన్పు అయిన వెంటనే గర్భాశయం బరువు దాదాపు ఒక కిలో ఉంటుంది. వారం రోజులకు అది సుమారు అర కిలోకు తగ్గుతుంది. రెండు వారాలకు పొట్ట మీద చేతికి తగలకుండా కటి భాగంలోకి దిగిపోతుంది. ఆరు వారాలకు వంద గ్రాముల లోపుకు వస్తుంది. ఇంత తక్కువ కాలంలో ఇంతగా కుంచించుకుపోయే అవయవం మానవ శరీరంలో మరొకటి కనిపించదు.

బిడ్డకు ఆహారం అందించిన మాయ గర్భాశయం గోడ నుంచి విడిపోయిన చోట ఒక గాయం మిగులుతుంది. వెడల్పులో అది దాదాపు అరచేయంత ఉంటుంది. పైకి కనిపించదు కనుక దాని సంగతి ఎవరికీ గుర్తుండదు. ఆ గాయం మానే క్రమంలోనే ప్రసవానంతర స్రావం కనిపిస్తుంది. మొదటి కొద్ది రోజులు ఎర్రగా, తరువాత గోధుమ రంగులో, ఆ పైన తెల్లగా మారుతూ నాలుగు నుంచి ఆరు వారాల వరకు కొనసాగవచ్చు. లోపల గాయం పచ్చిగా ఉన్నప్పుడు సూక్ష్మజీవులు చేరితే ఇన్ఫెక్షన్ వచ్చే ప్రమాదం ఉంటుంది. అందుకే స్రావం పూర్తిగా ఆగి, గాయాలు మానేవరకు సంభోగానికి దూరంగా ఉండమని వైద్యులు సలహా ఇస్తారు.

సహజ కాన్పులో చాలామందికి యోనిద్వారానికి, మలద్వారానికి మధ్యనున్న భాగం కొంత చీరుకుంటుంది. కొన్నిసార్లు వైద్యులే అవసరాన్ని బట్టి అక్కడ చిన్న కోత పెట్టి, తరువాత కుట్లు వేస్తారు. చిన్న గాయాలు రెండు మూడు వారాల్లో మానతాయి. కండరాల దాకా వెళ్ళిన లోతైన గాయాలకు అంతకన్నా చాలా ఎక్కువ కాలం పడుతుంది. పైన చర్మం కలిసినా లోపల మచ్చ కట్టిన చోట నెలల తరబడి నొప్పి ఉండవచ్చు.

సిజేరియన్ అయితే ఈ బాధలేవీ ఉండవని ఒక అపోహ. ఇది తెలుగువారికి ముఖ్యమైన సంగతి. 2019-21లో జరిగిన ఐదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశం మొత్తం మీద 21.5 శాతం కాన్పులు సిజేరియన్ ద్వారా జరిగాయి. ఆంధ్రప్రదేశ్‌లో ఇది 42.4 శాతం, తెలంగాణలో 60.7 శాతం. సిజేరియన్‌లో చర్మం మాత్రమే కాదు, పొట్టలోని అనేక పొరలు, గర్భాశయం గోడ కూడా కోతకు గురవుతాయి. పైన కుట్లు త్వరగా మానినా లోపలి పొరలు బలపడేందుకు వారాలు పడుతుంది. మాయ ఉన్న చోట గాయం, రక్తస్రావం, హార్మోన్ల మార్పు, నిద్రలేమి అన్నీ సహజ కాన్పు అయిన తల్లికి ఉన్నట్టే ఈ తల్లికీ ఉంటాయి.

వీటికి తోడు రక్తహీనత. అదే సర్వే ప్రకారం మన దేశంలో 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో 57 శాతం మందికి రక్తహీనత ఉంది. కాన్పులో పోయిన రక్తం దీనికి తోడైతే మెట్లెక్కినా ఆయాసం వస్తుంది. అందుకే కాన్పు తరువాత కూడా 180 రోజుల పాటు రోజుకొక ఐరన్, ఫోలిక్ ఆమ్లం మాత్ర వేసుకోవాలని ప్రభుత్వ కార్యక్రమం చెబుతోంది. నీరసంగా ఉన్న మనిషికి ఏ ఆసక్తీ ఉండకపోవడంలో ఆశ్చర్యం లేదు.

హార్మోన్లు చేసే పని

గర్భం ఉన్నంత కాలం ఈస్ట్రోజన్, ప్రొజెస్టిరాన్ హార్మోన్లను అధికంగా తయారుచేసేది మాయ. అది బయటకు రాగానే ఈ రెండు హార్మోన్ల స్థాయి కొద్ది రోజుల్లోనే బాగా పడిపోతుంది. మరోవైపు బిడ్డ పాలు తాగుతున్నకొద్దీ ప్రొలాక్టిన్ అనే హార్మోన్ పెరుగుతుంది. పాలను ఉత్పత్తి చేసేది ఇదే. ఇది అండాశయాల పనిని కొంతకాలం నెమ్మదింపజేస్తుంది. ఫలితంగా ఈస్ట్రోజన్ తక్కువగానే ఉండిపోతుంది.

ఈస్ట్రోజన్ తగ్గితే ఏమవుతుంది? యోని లోపలి పొర పలుచబడుతుంది. సహజమైన తేమ తగ్గుతుంది. అప్పుడు కలయిక నొప్పిగా, మంటగా ఉంటుంది. కోరిక కూడా తగ్గవచ్చు. పాలిచ్చే తల్లులలో ఇది చాలా సాధారణం. ఇది జబ్బు కాదు, భర్త మీద ఇష్టం తగ్గినందుకు గుర్తు అంతకన్నా కాదు. ఋతుచక్రం మళ్ళీ మొదలై, పాలివ్వడం క్రమంగా తగ్గినప్పుడు ఈ పరిస్థితి దానంతట అదే సర్దుకుంటుంది.

పాలు బయటకు రావడానికి కారణమైన ఆక్సిటోసిన్ అనే హార్మోన్ దంపతుల సాన్నిహిత్య సమయంలోనూ విడుదలవుతుంది. కనుక ఆ సమయంలో పాలు కారడం సహజమే. ముందుగా తెలిస్తే ఇద్దరికీ ఇబ్బంది ఉండదు.

ఆరు వారాల లెక్క ఎక్కడిది?

మన సమాజంలో బాలింతకు విశ్రాంతినిచ్చే ఆచారాలు ఎప్పటి నుంచో ఉన్నాయి. తొలికాన్పుకు పుట్టింటికి తీసుకువెళ్ళడం, పురుడు పాటించడం, మూడో నెలలోనో ఐదో నెలలోనో అత్తవారింటికి పంపడం తెలుగువారి ఇళ్ళలో చాలాచోట్ల కనిపిస్తుంది. ఇందులో మైల వంటి భావాలు శాస్త్రానికి నిలవవు. బాలింతను చీకటి గదిలో ఉంచడం, నీళ్ళు, కూరలు, పండ్లు తగ్గించే కఠిన పథ్యం పెట్టడం హాని చేస్తాయి. కానీ, ఆమెకు కొన్ని నెలల విశ్రాంతి, తల్లి తోడు, తన శరీరం మీద తనకు కొంత అధికారం దొరకడం ఈ ఆచారాలలోని మంచి గుణం. ఇప్పుడు ఉద్యోగాల వల్ల చాలామంది దంపతులు హైదరాబాద్, బెంగళూరు వంటి నగరాల్లోనో, విదేశాల్లోనో ఇద్దరే ఉండి బిడ్డను కంటున్నారు. ఆచారం ఇచ్చిన విరామం వారికి లేదు. ఆ విరామాన్ని దంపతులే తెలిసి, ఆలోచించి ఏర్పాటు చేసుకోవాలి.

ఆరు వారాలకు వైద్య పరీక్ష చేయించుకోవడం అవసరం. గర్భాశయం కుంచించుకుందా, గాయాలు మానాయా, రక్తపోటు, రక్తంలో హిమోగ్లోబిన్ ఎలా ఉన్నాయి అని అప్పుడు చూస్తారు. అయితే ఈ ఆరు వారాలను చాలామంది ఒక గడువుగా అర్థం చేసుకుంటారు. నలభై రెండో రోజు దాటితే అంతా మామూలే అనుకుంటారు. ఆరు వారాలు అనేది గర్భాశయం కోలుకునే లెక్క. మనిషి సిద్ధపడే లెక్క అది కాదు.

దీనికి పరిశోధనల ఆధారం కూడా ఉంది. ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్ నగరంలో తొలికాన్పు అయిన 1500 మందికి పైగా తల్లులను అడిగి తెలుసుకున్న ఫలితాలు 2013లో ప్రచురితమయ్యాయి. ఆరు వారాల నాటికి సంభోగం తిరిగి మొదలుపెట్టినవారు 41 శాతం మాత్రమే. ఎనిమిది వారాలకు 65 శాతం, పన్నెండు వారాలకు 78 శాతం, ఆరు నెలలకు 94 శాతం. అంటే ఆరు వారాలకు సిద్ధంగా లేనివారే ఎక్కువమంది. ఇవి వేరే దేశపు అంకెలు. మన దేశంలో ఆచారాలు, కుటుంబ పరిస్థితులు వేరు కావచ్చు. కానీ గాయం మానే తీరు, హార్మోన్లు పనిచేసే తీరు ఎక్కడైనా ఒకటే.

మౌనం వల్ల జరిగే నష్టం

ఒక ఉదాహరణ ఊహించుకుందాం. చిన్న పట్టణంలో ఉండే ఒక జంట. మూడో నెలలో ఆమె పాపతో అత్తవారింటికి వచ్చింది. ఇంట్లో అందరూ ఇక అంతా మామూలే అనుకున్నారు. ఆమెకు కుట్ల దగ్గర ఇంకా నొప్పి ఉంది. చెబితే ఆయన ఏమనుకుంటారోనని ఓర్చుకుంది. తరువాత ఏదో ఒక సాకు చెప్పి తప్పించుకోవడం మొదలుపెట్టింది. పాప పుట్టాక ఈమెకు నా మీద ధ్యాస పోయింది అని ఆయన అనుకున్నాడు. అడగలేదు. ఒకే గదిలో, మధ్యలో పసిపాపతో, ఇద్దరూ రెండు ఒంటరితనాలను మోస్తున్నారు. ఇందులో చెడ్డవారు ఎవరూ లేరు. లేనిదల్లా ఒక మాట. “ఏమండీ, నాకింకా నొప్పిగా ఉంటోంది. మీ మీద ఇష్టం లేక కాదు” అని ఆమె చెప్పగలిగితే, “అలాగా, నాకు తెలియలేదు. రేపు డాక్టరమ్మ దగ్గరికి వెళదాం” అని ఆయన అనగలిగితే సగం సమస్య ఆ రాత్రికే తీరుతుంది.

ఈ మౌనం మన దేశానికే పరిమితం కాదు. లండన్‌లో తొలికాన్పు అయిన తల్లుల మీద జరిగి, 2000 సంవత్సరంలో ప్రచురితమైన ఒక అధ్యయనంలో, కాన్పు తరువాత మొదటి మూడు నెలల్లో 83 శాతం మందికి ఏదో ఒక లైంగిక సమస్య ఉన్నట్టు తేలింది. ఆరు నెలలకు అది 64 శాతానికి తగ్గింది. సమస్య ఉన్నవారిలో వైద్య సిబ్బందితో ఆ సంగతి మాట్లాడినవారు 15 శాతం మాత్రమే. ఇంత మందికి ఉన్న సమస్యను ప్రతి ఒక్కరూ తమ ఒక్కరిదే అనుకోవడం విచారకరం.

చెబితే చేయగలిగినవి చాలా ఉన్నాయి. కుట్లు సరిగా మానకపోయినా, ఇన్ఫెక్షన్ ఉన్నా చికిత్స ఉంది. తేమ తక్కువైతే మందుల దుకాణాల్లో దొరికే నీటి ఆధారిత జెల్ ఉపయోగపడుతుంది. అవసరమైతే వైద్యురాలు పైపూత మందు రాస్తారు. కాన్పు వల్ల వదులైన కటి కండరాలకు వ్యాయామం ఉంది. అమెరికాకు చెందిన స్త్రీ వైద్య నిపుణుడు ఆర్నాల్డ్ కెగెల్ 1948లో దీనిని ప్రచారంలోకి తెచ్చారు. మూత్రాన్ని ఆపుకునేటప్పుడు బిగించే కండరాలను కొన్ని సెకన్లు బిగించి, వదలడమే ఈ వ్యాయామం. కూర్చున్నా, పడుకున్నా చేయవచ్చు. దగ్గినప్పుడు, తుమ్మినప్పుడు మూత్రం జారే ఇబ్బంది కూడా దీనితో తగ్గుతుంది.

అయితే కొన్ని లక్షణాలు ఉంటే ఆలస్యం చేయరాదు. జ్వరం, దుర్వాసనతో కూడిన స్రావం, ఉన్నట్టుండి ఎక్కువ రక్తస్రావం, ఒక కాలు వాచి నొప్పి పుట్టడం, రొమ్ము ఎర్రబడి గడ్డకట్టడం, తీవ్రమైన తలనొప్పితో చూపు మసకబారడం. వీటిలో ఏది కనిపించినా వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి.

మనసు సంగతి

కాన్పు అయిన మూడో నాలుగో రోజున కారణం లేకుండా ఏడుపు రావడం, చిరాకు, ఆందోళన చాలామంది తల్లులలో కనిపిస్తాయి. ఇవి సాధారణంగా రెండు వారాల్లో తగ్గిపోతాయి. అలా తగ్గకుండా దిగులు, నిస్పృహ, బిడ్డ మీద కూడా ఆసక్తి లేకపోవడం, తాను పనికిరానిదాన్ననే భావన కొనసాగితే దానిని ప్రసవానంతర డిప్రెషన్ అంటారు. భారతదేశంలో జరిగిన 38 అధ్యయనాలను కలిపి విశ్లేషించిన ఒక పరిశీలన 2017లో ప్రపంచ ఆరోగ్య సంస్థ బులెటిన్‌లో వచ్చింది. దాని అంచనా ప్రకారం సుమారు 22 శాతం తల్లులలో ఈ సమస్య ఉంది. అంటే ప్రతి ఐదుగురిలో ఒకరు. దీనిని గుర్తించేందుకు 1987లో రూపొందిన ఎడిన్‌బరో ప్రశ్నావళిలో పది ప్రశ్నలే ఉన్నాయి. ఐదు నిమిషాల్లో పూర్తవుతుంది.

డిప్రెషన్ ఉన్నప్పుడు సాన్నిహిత్యం మీద ఆసక్తి పోవడం ఆ వ్యాధి లక్షణాలలో ఒకటి. దానిని పొగరు, బద్ధకం, పుట్టింటి గారాబం అని పేర్లు పెట్టడం అన్యాయం. తండ్రులలో కూడా కొందరికి డిప్రెషన్ వస్తుంది. సహాయం కోసం 2022 అక్టోబరులో ప్రారంభమైన టెలీ మానస్ సేవ ఉంది. 14416 నంబరుకు ఫోన్ చేస్తే ఉచితంగా, తెలుగులో కూడా మాట్లాడవచ్చు. తనకు గానీ బిడ్డకు గానీ హాని చేసుకోవాలనే ఆలోచన వస్తే మాత్రం ఆమెను ఒంటరిగా వదలకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్ళాలి.

భర్త పాత్ర

పసిబిడ్డ రోజుకు ఎనిమిది నుంచి పన్నెండు సార్లు పాలు తాగుతుంది. అంటే తల్లికి రెండు మూడు గంటలకు మించి వరుసగా నిద్ర ఉండదు. రోజంతా బిడ్డ ఒంటికి అంటిపెట్టుకునే ఉంటుంది. రాత్రి అయ్యేసరికి ఆమె కోరుకునేది కాసేపు ఎవరూ తాకకుండా పడుకోవడం కావచ్చు. పాలివ్వడం ఒక్కటి తప్ప బిడ్డకు చేసే మిగిలిన పనులన్నీ తండ్రి చేయగలడు. పాలు తాగిన బిడ్డను భుజాన వేసుకుని తేన్పించడం, బట్టలు మార్చడం, ఉతకడం, స్నానం చేయించడం, వంట చూసుకోవడం. ఇవి సాయం చేయడం కాదు, తన వాటా పని తాను చేయడం. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులైన పురుషులకు, ఇద్దరి కన్నా తక్కువ సంతానం ఉంటే, 15 రోజుల పితృత్వ సెలవు ఉంది. ప్రైవేటు రంగంలో ఇది సంస్థను బట్టి మారుతుంది.

సాన్నిహిత్యం అంటే సంభోగం ఒక్కటే అనుకోవడం వల్ల చాలామంది దంపతులు మిగిలిన దగ్గరితనాన్ని కూడా వదులుకుంటారు. చేయి పట్టుకుంటే అది దేనికి దారితీస్తుందోనన్న భయంతో ఆమె దూరం జరుగుతుంది. ఆయన నొచ్చుకుంటాడు. ప్రస్తుతానికి అది వద్దు అని ఇద్దరూ స్పష్టంగా అనుకుంటే ఈ భయం పోతుంది. పక్కన కూర్చుని కబుర్లు చెప్పుకోవడం, తల నిమరడం, కాళ్ళు నొక్కడం, బిడ్డ పడుకున్నాక కలిసి టీ తాగడం కూడా దాంపత్యంలో భాగమే. శరీరం, మనసు సిద్ధమైన రోజున తిరిగి మొదలుపెట్టినప్పుడు నెమ్మదిగా, ఆమె సౌకర్యాన్ని బట్టి, నొప్పి అంటే ఆగిపోతూ సాగాలి.

ఇక్కడ అంగీకారం గురించి స్పష్టంగా చెప్పుకోవాలి. పెళ్ళి అంగీకార పత్రం కాదు. బాలింత అయినా, కాకపోయినా, భార్య వద్దన్నప్పుడు ఆ మాటను గౌరవించడం భర్త బాధ్యత. బెదిరించడం, అలగడం, డబ్బు ఇవ్వకుండా వేధించడం ద్వారా ఒప్పించడం అంగీకారం అనిపించుకోదు. గృహహింస నుంచి మహిళలకు రక్షణ కల్పించే 2005 నాటి చట్టం లైంగిక వేధింపును కూడా గృహహింసగానే గుర్తించింది. అవసరమైనవారు 181 మహిళా హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేయవచ్చు.

మరో గర్భం విషయంలో జాగ్రత్త

బహిష్టు మొదలుకాలేదు కనుక గర్భం రాదు అనే నమ్మకం మన ఊళ్ళలో బలంగా ఉంది. ఇందులో కొంత నిజం, కొంత ప్రమాదం ఉన్నాయి. మూడు షరతులు ఒకేసారి నెరవేరితేనే పాలివ్వడం గర్భనిరోధంగా పనిచేస్తుంది. బిడ్డ వయసు ఆరు నెలల లోపు ఉండాలి. తల్లికి బహిష్టు మొదలై ఉండకూడదు. బిడ్డకు పగలూ రాత్రీ తల్లిపాలు మాత్రమే ఇస్తుండాలి. ఈ మూడూ ఉంటే ఇది 98 శాతం రక్షణ ఇస్తుందని 1988లో ఇటలీలోని బెలాజియోలో సమావేశమైన నిపుణులు తేల్చారు. వీటిలో ఏ ఒక్కటి తప్పినా వేరే పద్ధతి అవసరం. ఎందుకంటే అండం విడుదలయ్యేది బహిష్టుకు ముందు. కనుక కాన్పు తరువాత మొదటి బహిష్టు కనిపించకముందే గర్భం రావచ్చు. పాలివ్వని తల్లులలో అండం నాలుగో వారంలోనే విడుదలైన సందర్భాలు నమోదయ్యాయి.

ఒక కాన్పు తరువాత మరో గర్భానికి కనీసం 24 నెలలు ఆగమని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించింది. ఆ వ్యవధి లేకపోతే తల్లికి రక్తహీనత, బిడ్డకు నెలలు నిండకముందే పుట్టడం, తక్కువ బరువు వంటి ప్రమాదాలు పెరుగుతాయి. సిజేరియన్ అయిన గర్భాశయానికి ఈ విరామం మరింత అవసరం. మొదటి బిడ్డ ఆడపిల్ల అయినప్పుడు కొన్ని ఇళ్ళలో వెంటనే మరో కాన్పుకు ఒత్తిడి తెస్తారు. ఆ ఒత్తిడి కూడా దంపతుల సాన్నిహిత్యాన్ని దెబ్బతీస్తుంది.

పద్ధతులు అనేకం ఉన్నాయి. కాపర్-టిని కాన్పు అయిన 48 గంటల లోపు గానీ, ఆరు వారాల తరువాత గానీ అమర్చుతారు. మూడు నెలలకొకసారి తీసుకునే అంతర ఇంజక్షన్ పాలిచ్చే తల్లులు ఆరు వారాల తరువాత వాడవచ్చు. లక్నోలోని కేంద్రీయ ఔషధ పరిశోధన సంస్థ కనుగొన్న మందుతో తయారైన ఛాయ మాత్రలో హార్మోన్లు లేవు. మొదటి మూడు నెలలు వారానికి రెండుసార్లు, తరువాత వారానికి ఒకసారి వేసుకోవాలి. అంతర, ఛాయ రెండూ 2017లో ప్రభుత్వ కార్యక్రమంలో చేరాయి. రెండు హార్మోన్లు కలిసిన మామూలు గర్భనిరోధక మాత్రలు పాలిచ్చే తల్లికి మొదటి ఆరు నెలలు తగవు. కండోమ్ ఎప్పుడైనా వాడవచ్చు, వ్యాధుల నుంచి కూడా కాపాడుతుంది. ఎవరికి ఏది తగునో వైద్యుల సలహాతో నిర్ణయించుకోవాలి.

ఇక్కడ ఒక అంకె మనల్ని ఆలోచింపజేయాలి. ఐదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో స్త్రీల శస్త్రచికిత్స మీద ఆధారపడిన దంపతులు 37.9 శాతం. పురుషుల శస్త్రచికిత్స మీద ఆధారపడినవారు 0.3 శాతం. వ్యాసెక్టమీ ట్యూబెక్టమీ కన్నా చిన్నది, సులువైనది. దానివల్ల మగతనం తగ్గదు, కాయకష్టం చేసే శక్తి తగ్గదు. శస్త్రచికిత్స తరువాత మూడు నెలలు మాత్రం వేరే పద్ధతి వాడి, పరీక్ష చేయించుకోవాలి. గర్భం, కాన్పు, పాలు ప్రకృతి స్త్రీకి అప్పగించిన పనులు. గర్భనిరోధం అలా కాదు. దాని భారం పంచుకోవచ్చు.

ఎవరిని అడగాలి?

ఆసుపత్రిలో కాన్పు అయిన తల్లి ఇంటికి ఆశా కార్యకర్త 3, 7, 14, 21, 28, 42 రోజులలో వస్తుంది. ఆమె ముఖ్యంగా పసిబిడ్డను చూడటానికి వచ్చినా, తల్లి తన సందేహాలను కూడా అడగవచ్చు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఏఎన్‌ఎం, వైద్యాధికారి ఉంటారు. అడిగేటప్పుడు పెద్ద పెద్ద పదాలు అక్కరలేదు. “అక్కా, కలిసినప్పుడు నొప్పిగా ఉంటోంది, ఏం చేయాలి?” అంటే చాలు. ఆసుపత్రికి భర్త కూడా వెంట వెళ్ళడం మంచిది. ఆయన బయట బెంచీ మీద కాకుండా లోపల కూర్చుని వినాలి.

ఇంట్లోని యువతీ యువకులుగా మీరు చేయగలిగిన పనులు కూడా ఉన్నాయి. అక్కో వదినో నిద్రపోతున్నప్పుడు బిడ్డను గంటసేపు ఎత్తుకోండి. ఆమె కళ్ళలో దిగులు రోజుల తరబడి కనిపిస్తే పెద్దలకు చెప్పండి. అన్నయ్యనో బావనో ఎగతాళి చేసే మాటలు, “ఎన్నాళ్ళీ బ్రహ్మచర్యం” వంటి పరిహాసాలు మానుకోండి. అలాంటి మాటలే ఒక్కోసారి ఆ గదిలో ఒత్తిడిగా మారుతాయి.

విద్యార్థులారా, ఈనాటి పాఠాన్ని క్లుప్తంగా గుర్తుచేసుకుందాం. ప్రసవం తరువాత గర్భాశయం ఆరు వారాల్లో కోలుకుంటుంది. గాయాలు, హార్మోన్లు, నిద్ర, మనసు ఒక్కొక్కటి ఒక్కో వేగంతో కోలుకుంటాయి. కనుక దాంపత్య జీవితం తిరిగి మొదలుపెట్టేందుకు అందరికీ వర్తించే తేదీ లేదు. స్రావం ఆగాలి, గాయం మానాలి, గర్భనిరోధం గురించి నిర్ణయం జరగాలి, అన్నిటికీ మించి ఆమె మనస్ఫూర్తిగా సరే అనాలి. నొప్పి ఉంటే ఓర్చుకోవలసిన పనిలేదు, చికిత్స ఉంది. ఇవన్నీ జరగాలంటే ఇద్దరూ మాట్లాడుకోవాలి.

చివరగా ఆలోచించేందుకు రెండు ప్రశ్నలు. ఒకటి, మీ ప్రాంతంలో బాలింత కోసం పాటించే ఆచారాలలో శాస్త్రానికి నిలిచేవి ఏవి, నిలవనివి ఏవి? రెండు, ఆరు వారాల పరీక్షకు దంపతులు కలిసి వెళితే వైద్యులను వారు అడగవలసిన ఐదు ప్రశ్నలు ఏమిటి? మీ తరగతిలో ఉపాధ్యాయుల సమక్షంలో వీటిని చర్చించండి.